పాలపిట్ట బిళ్ళ

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా ఊళ్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే మా పెద్దమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు వెతికేది, నేను థర్మామీటరు వెతికేవాణ్ని. పద్దెనిమిదేళ్లుగా కువైట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. మిషను ఆగిందంటే దానికొక కారణం ఉంటుంది. దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని అర్థం. నాకు తెలిసిన శాస్త్రం ఇంతే. ఇదంతా చదివాక మీరు నన్నేమనుకున్నా సరే, ముందు నేనెలాంటివాణ్నో తెలిసి ఉండాలని చెబుతున్నాను.

నా పేరు రెడ్డెప్ప. మాది అన్నమయ్య జిల్లా, రాయచోటి పక్కన ఒక పల్లె. ఇక్కడ అబూ హలీఫాలో ఇంకో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాను. నా భార్య ఈశ్వరమ్మ రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. పగలూ రాత్రీ అక్కడే. శుక్రవారం వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, రెండు గంటలు బయటికి వదిలితే ఆ వీధి చివర పార్కులో కూర్చుంటాం. ఒకే దేశంలో ఉండి వారానికి రెండు గంటల కాపురం మాది.

ఈశ్వరమ్మకు ఒక్కడే తమ్ముడు, గంగాధర్. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆమే. వాడికి వీసా చూసి కువైట్‌కు పిలిపించింది నేను.

కబ్ద్‌లో తోట పని అన్నారు. మొదటి రెండు నెలలు తోటలోనే ఉన్నాడు. దోసకాయలు కోస్తూ ఫోటోలు పంపేవాడు. ఆ తర్వాత వాడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తన అన్న గొర్రెల దొడ్డిలో మనిషి తక్కువయ్యాడని వీణ్ని అక్కడికి పంపేశాడు. తోటలు దాటి ఎడారిలో బాగా లోపలికి ఉంటుంది ఆ దొడ్డి. ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ల ట్యాంకు, నూట చిల్లర గొర్రెలు, వీడు. వారానికోసారి బండి వచ్చి దాణా, నీళ్లు, వీడికి రొట్టెలు పడేసి పోతుంది.

వాడు నాకు ఫోన్ చేశాడు. "బావా, ఈడ మాట్లాడేదానికి మనిషి ల్యాడు. గొర్రెలతో మాట్లాడతాండా. వచ్చి పిల్చకపో బావా" అన్నాడు.

నేను రెండు నెలలు ఓర్చుకోమన్నాను. ఏడాది నిండితే కఫీల్‌తో మాట్లాడి వేరే చోటికి మార్పిస్తానన్నాను. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుందని, నేను కూడా పడ్డానని నీతులు చెప్పాను. అబూ హలీఫా నుంచి ఆ దొడ్డికి వ్యానులో గంటన్నర. వ్యాను నా చేతిలోనే ఉంది. శుక్రవారం సెలవు. నేను పోలేదు.

చలి పోయి ఎండలు ఇంకా ముదరని రోజులవి. ఒక మంగళవారం మధ్యాహ్నం తూజ్ లేచింది. ఇక్కడ దుమ్ము తుఫానును అలా అంటారు. నేను ఫింతాస్‌లో ఒక బిల్డింగు మీద ఏసీ బయటి యూనిట్ విప్పి కూర్చున్నాను. ఆకాశం ఇటుకరాయి రంగుకు తిరిగింది. పానాలన్నీ సంచిలో వేసుకుని కిందికి దిగేలోపే నోటినిండా మన్ను. మెట్ల మీద ఉండగా ఫోన్ మోగింది. గంగాధర్ నుంచి వాయిస్ మెసేజి, నలభై ఒక్క సెకన్లు.

అది నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. గాలి హోరు మధ్య వాడి గొంతు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బావా, నేను దొడ్డి ఇడ్చిపెట్టి వచ్చేసినా. రోడ్డు కాడికి పోదామనుకుంటి. దుమ్ములో ఏమీ కనపడడం ల్యా. ఈడ మన పక్కాయన ఒగాయప్ప కలిసినాడు. మన మాటే మాట్లాడతాండాడు. చొక్కాకు నీలం పిట్ట బిళ్ళ పెట్టుకోనుండాడు. నీళ్లకాడికి పిల్చకపోతానంటాండాడు. నువ్వు బయపడాకు. అక్కకు చెప్పాకు."

ఆ తర్వాత గాలి. అంతే.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎవరో మనవాడు దొరికాడు కదా, ఇంక భయం లేదనుకున్నాను. దుమ్ము తగ్గాక తిరిగి పైకెక్కి ఆ యూనిట్ బిగించి, గదికి పోయి అన్నం తిని పడుకున్నాను. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మర్నాటికి ఫోన్ స్విచాఫ్. ఆ మర్నాడూ అంతే. కఫీల్ మనుషులు వాడు పారిపోయాడన్నారు. నేను వాయిస్ మెసేజి పట్టుకుని పోలీస్ స్టేషనుకు పోయాను. వాళ్లు కాదనలేదు. దొడ్డి నుంచి పెద్ద రోడ్డు దాకా నాలుగు రోజులు బండ్లు తిప్పి వెతికారు. ఒక చెప్పు కూడా దొరకలేదు.

అప్పుడు మాకున్న ఆధారమల్లా ఆ మనిషి. నీలం పిట్ట బిళ్ళ పెట్టుకున్న మనవాడు. వాణ్ని పట్టుకుంటే గంగాధర్ ఎక్కడున్నాడో తెలుస్తుంది. ఏ సెక్యూరిటీ గార్డో అయి ఉంటాడనుకున్నాం. చొక్కాకు బిళ్ళ ఇంకెవరు పెట్టుకుంటారు? తెలిసిన గార్డులందర్నీ అడిగాను. వాళ్ల యూనిఫారాలు కుట్టే షాపులు తిరిగాను. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులన్నింట్లో పెట్టాను. దండం బొమ్మలు వచ్చాయి, కన్నీళ్ల బొమ్మలు వచ్చాయి. మనిషి జాడ మాత్రం రాలేదు.

ఆ శుక్రవారం పార్కులో ఈశ్వరమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నా ముఖంలోకి చూసి, "నువ్వే పిలిపిచ్చినావు. నువ్వే తెచ్చియ్యి. ఎట్లుంటే అట్ల తెచ్చియ్యి" అంది. ఎట్లుంటే అట్ల అనే మాట ఆమె నోటినుంచి వచ్చాక నాకు నిద్ర దూరమైంది. పనిలో రెండుసార్లు కరెంటు షాక్ కొట్టించుకున్నాను.

మెటల్ డిటెక్టర్ ఆలోచన వచ్చింది ఆ రోజుల్లోనే. గంగాధర్ కువైట్ విమానం ఎక్కేముందు వాళ్ల అక్క వెండి మొలతాడు చేయించి పంపింది. మాలో మగపిల్లవాడు పుట్టినప్పటినుంచి నడుముకు మొలతాడు లేకుండా ఉండడు. ప్రాణం ఉండగా విప్పడు. ఇసుక కింద మనిషి కనపడకపోయినా వెండి పలుకుతుంది కదా అనుకున్నాను. వాణ్ని ఏ స్థితిలో వెతుకుతున్నానో నాకు తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మా వీధిలో విజయవాడ ఇంజనీరు ప్రసాద్‌గారు ఉంటారు. వాళ్లింటి ఏసీలు నేనే చూస్తాను. శుక్రవారం పొద్దున చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పొడుగాటి కర్రకు పళ్లెం బిగించినట్టుండే ఆ మిషనుతో అబూ హలీఫా బీచిలో ఇసుక మీద ఊడ్చుకుంటూ తిరుగుతారు. ఎవరిదైనా ఉంగరం దొరికితే ఫేసుబుక్కులో పెట్టి తిరిగి ఇచ్చేస్తారు. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి చాటుగా నవ్వుకున్నవాణ్ని, ఆ రోజు వాళ్ల గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. తొంభైలో ఇరాక్ దండెత్తినప్పటి మందుగుండు ఎడారిలో ఇప్పటికీ అక్కడక్కడ ఉందని, తెలియక తవ్వితే ఇద్దరం పోతామని చెప్పారు. చివరికి మూడు షరతులు పెట్టారు. స్టేషనులో చెప్పి పోవాలి, కంచె వేసిన చోట అడుగు పెట్టకూడదు, ఏది పలికినా తవ్వేది ఆయనే. నేను దేనికైనా సరేనన్నాను.

మూడు శుక్రవారాలు పోయాం. ఈశ్వరమ్మ తన రెండు గంటలూ వదులుకుని, పార్కుకు రావద్దు, వెతకండి అంది. ప్రసాద్‌గారు తాళ్లు కట్టి నేలను చాళ్లుగా విడదీశారు. ఒక చాలు ఆయన నడుస్తారు, వెనకే నేను. మొదటి రెండు వారాలు రోడ్డు వైపు చూశాం. డేరా మేకులు, పెప్సీ డబ్బాలు, తుప్పుపట్టిన తీగలు. మిషను కూతపెట్టిన ప్రతిసారీ ముందుకు వంగి చూసేవాణ్ని. డబ్బా మూత బయటపడితే ఏడుపొచ్చేది, హమ్మయ్య అనీ అనిపించేది.

మూడో శుక్రవారం పడమటి వైపు పోయాం. అటు ఎవరూ వెతకలేదు. రోడ్డుకు పోయేవాడు అటెందుకు పోతాడని అందరూ వదిలేసిన దిక్కు అది. మాకు మిగిలింది అదొక్కటే.

దొడ్డి నుంచి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో మిషను సన్నగా, స్పష్టంగా పలికింది. ప్రసాద్‌గారు మోకాళ్ల మీద కూర్చుని చిన్న తాపీతో గీశారు. పైన మెత్తటి ఇసుక, కింద గట్టి పొర. ఆ పొరను పెళ్లగించి, ఇంకో జానెడు లోపల్నుంచి పచ్చగా చిలుముపట్టిన ఒక గుండ్రటి రేకు తీశారు. పాత అర్ధరూపాయి కంటే కాస్త పెద్దది. బొటనవేలితో మన్ను తుడిస్తే నీలం రంగు కనిపించింది. ఇంకాస్త తుడిస్తే రెక్క.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ మనిషి ఇటే వచ్చాడు, గంగాధర్‌ని ఇటే తీసుకొచ్చాడు, బిళ్ళ ఇక్కడ పడిపోయింది, ఇంక పది అడుగుల్లో అన్నీ తెలిసిపోతాయి. నా ఆశ అలా పరుగెత్తింది.

ప్రసాద్‌గారు చాలాసేపు ఆ బిళ్ళను అరచేతిలో తిప్పి చూశారు. "రెడ్డెప్పా, ఇది మొన్న పడింది కాదు. కొన్ని దశాబ్దాలుగా నేలలో ఉంది" అన్నారు.

ఆయనతో గొడవ పెట్టుకున్నాను. నెల కిందట వాడు కళ్లతో చూసిన బిళ్ళ దశాబ్దాల నుంచి భూమిలో ఎలా ఉంటుందని నిలదీశాను. చదువుకున్నవాళ్లకు ఎదుటివాడి ఆశ చంపడం సరదా అని కూడా అన్నాను. ఆయన కోప్పడలేదు. గట్టి పొర ఎక్కడా పగలకుండా ఉండటం, వెనక పిన్ను తుప్పు తిని సూదిమొన దాకా అరిగిపోవడం నా చేత తాకించి చూపించారు. నేను మెకానిక్‌ని. రాగి ఎన్నాళ్లకు అలా చిలుము పడుతుందో నాకు ఆయన చెప్పక్కర్లేదు. అయినా ఒప్పుకోలేదు.

ఇంటికి తెచ్చి నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దబోయాను. మా ఇళ్లలో ఇత్తడి సామాను తోమేది అలాగే. ప్రసాద్‌గారు చేయి పట్టుకుని ఆపారు. రుద్దితే ఉన్న అక్షరాలు కూడా పోతాయన్నారు. ఆలివ్ నూనెలో రెండు రోజులు నానబెట్టి, పళ్లపుల్లతో కొంచెం కొంచెంగా గీకారు. ఆ రెండు రోజులూ నేను పని ఎగ్గొట్టి ఆ గిన్నె ముందే కూర్చున్నాను.

మధ్యలో పాలపిట్ట. చుట్టూ తెలుగు అక్షరాలు: "పాలపిట్ట వాలీబాల్ క్లబ్బు, కువైట్". వెనకవైపు చేత్తో గీసిన అంకె, నాలుగు.

ఆ ఫోటో గ్రూపుల్లో పెడితే అలాంటి క్లబ్బు గురించి ఒక్కరూ విన్నామనలేదు. ఇప్పుడున్నవాళ్లలో చాలామంది ఇరాక్ దాడి తర్వాత వచ్చినవాళ్లే. చివరికి మా గదిలో ఉండే ఒకతను ఫహాహీల్‌లో మస్తాన్ భాయ్ అనే దర్జీ ఉన్నాడని, కడప మనిషని, దాడికి ముందునుంచీ ఇక్కడ ఉన్నాడని చెప్పాడు. చెప్పిన పది నిమిషాలకు వ్యాను తీశాను.

డెబ్బై దాటిన మనిషి. మిషను మీద అరబ్బుల పొడుగాటి అంగీ దిష్‌దాషా అంచు కుడుతున్నాడు. నేను పేరూ ఊరూ కూడా చెప్పకుండా బిళ్ళ తీసి గుడ్డ మీద పెట్టాను. ఆయన మిషను ఆపాడు. ముందువైపు చూడలేదు, వెంటనే తిప్పి వెనక చూశాడు.

"యాడ దొరికింది నాయనా ఇది?"

కబ్ద్ అవతల అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "ఈ అంకె సూదితో గీసింది నేనే. తొమ్మిదిమందిమి. ఎవుని బిళ్ళ ఎవునిదో అని కొట్లాడతాంటే నేనే గీసిచ్చినా. నాలుగు ఓబులేసుది."

ఆయన చెప్పింది చెప్పినట్టు క్లుప్తంగా రాస్తాను. అప్పట్లో కడప పక్కవాళ్లు తొమ్మిదిమంది కలిసి వాలీబాల్ ఆడేవాళ్లు. ఒకతను సెలవు మీద పోతూ బొంబాయిలో ఈ బిళ్ళలు చేయించి తెచ్చాడు. ఓబులేసు నీళ్ల ట్యాంకరు డ్రైవరు. ఎడారిలో దొడ్లకు నీళ్లు తోలేవాడు. ఆ బిళ్ళ పెట్టుకోకుండా బయటికి పోయేవాడు కాదట, అందరూ ఎగతాళి చేసేవాళ్లట.

ఇరాక్ సైన్యం వచ్చి పడ్డాక వీళ్లంతా బస్సులో జోర్డాన్ పోదామని తేల్చుకున్నారు. ఓబులేసు ఊరి మనిషి ఒకతను కబ్ద్ అవతల గొర్రెల దొడ్డిలో ఉండిపోయాడు. అతనికి ఏ సంగతీ తెలియదు. వాణ్ని వదిలిపెట్టి రానని, పిల్చుకొస్తానని ఓబులేసు బయలుదేరాడు. దారిలో సైనికులు ట్యాంకరు లాక్కున్నారని, దిగి నడుచుకుంటూ పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. ఇక తిరిగి రాలేదు. దొడ్డిలోని మనిషిని మాత్రం అంతకు ముందురోజే కఫీల్ ఊళ్లోకి తెచ్చేశాడు. ఓబులేసు పోయాక అతను బస్సు దగ్గర కనిపించాడు.

"ఒక దినం చూసినాం. బస్సోడు ఇంగ ఉండనన్యాడు. ఎక్కినాం" అన్నాడు మస్తాన్ భాయ్. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

నేను ఫోన్ తీసి గంగాధర్ మెసేజి వినిపించాను. ఆయన మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి విన్నాక బిళ్ళను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నన్ను ఆయన ఒక్కటే అడిగాడు, నీళ్లకాడికి అన్నాడు కదా అని.

తర్వాత చెప్పాడు. ఆ దొడ్లకు పడమటగా, పొద్దు గుంకే దిక్కున, నేల కాస్త పల్లమయ్యే చోట ఒక పెద్ద సిమెంటు తొట్టి ఉండేదట. చుట్టుపక్కల మందలన్నీ అక్కడే నీళ్లు తాగేవట. రోజు మార్చి రోజు దాన్ని నింపింది ఓబులేసే.

ఆ సాయంత్రమే స్టేషనులో చెప్పాను. బిళ్ళ అక్కడే అప్పగించాను. ప్రసాద్‌గారు ఉపగ్రహం ఫోటోల్లో వెతికి, బిళ్ళ దొరికిన చోటికి ఇంకా నాలుగు కిలోమీటర్లు పడమట ఒక బూడిదరంగు చతురస్రం చూపించారు. మర్నాడు పొద్దున ఒక ఆఫీసరు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ప్రసాద్‌గారు, నేను రెండు బండ్లలో పోయాం.

తొట్టి ఉంది. ఒకపక్క గోడ కూలిపోయి సగం దాకా ఇసుక నిండి ఉంది. చుక్క నీళ్లు చూసి ఎన్నేళ్లయిందో. ఎండ తగలని పక్కన గంగాధర్ ఉన్నాడు.

వాడు ఎలా ఉన్నాడో రాయను. ఎలా పడుకుని ఉన్నాడో మాత్రం రాయాలి. ఎందుకంటే నేను ఇదంతా రాస్తున్నది దానికోసమే. దప్పికతో పోయేవాడు ముడుచుకుని, ఒకపక్కకు ఒరిగి ఉంటాడని ఆఫీసరు తర్వాత చెప్పాడు. వీడు వెల్లకిలా, తిన్నగా ఉన్నాడు. తల దక్షిణానికి. చేతులు రెండూ రొమ్ము మీద. కాళ్లు జతగా చేర్చి, రెండు బొటనవేళ్లనూ వాడి తుండుగుడ్డ నుంచి చించిన పీలికతో కలిపి కట్టి ఉంది.

మాలో మనిషి ప్రాణం పోయాక అయినవాళ్లు చేసే మొదటి పని అది. కళ్లు మూసి, తల దక్షిణానికి తిప్పి, బొటనవేళ్లు కట్టడం. ఆఫీసరు ఆ పీలిక చూపించి లేష్, లేష్ అని అడుగుతున్నాడు. ఎందుకు కట్టారని. నాకొచ్చిన ముక్కల అరబ్బీలో ఆ ఆచారం చెప్పాను. ఆయన విని మళ్లీ ఆ ముడి వైపు చూశాడు. ఆ తర్వాత, అయితే వీడి పక్కన మీవాడు ఒకడు ఉన్నాడన్నమాట, ఎవడు వాడు, అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను మూడు వేర్వేరు రోజులు అడిగారు. మొదట నన్నే అనుమానించారు కూడా. నేను ఆ మంగళవారం ఫింతాస్‌లో ఉన్నట్టు బిల్డింగు కెమెరాలో దొరికింది. డాక్టర్లు ఒంటి మీద దెబ్బ లేదన్నారు. ఎండ, దప్పిక. తుఫాను తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే పోయి ఉంటాడన్నారు. చుట్టుపక్కల దొడ్లన్నీ విచారించారు. బంగ్లాదేశీలు, సూడానీలు, పాకిస్తానీలు ఉన్నారు. తెలుగువాడు ఒక్కడూ లేడు. తొట్టి చుట్టూ అడుగుజాడలుంటే ఆ తర్వాత లేచిన గాలికి ఎప్పుడో పోయాయి.

కొన్నాళ్లు నాకు ఆ ఓబులేసు మీద కోపం వచ్చింది. లేని మనిషి మీద కోపమేంటని మీరు నవ్వొచ్చు. తూర్పుకు నడిపించి ఉంటే పెద్ద రోడ్డు మూడు కిలోమీటర్లే. ఏ బండివాడో ఎక్కించుకునేవాడు. పడమటికి, తన కాలం నాటి తొట్టికి, తాను నింపిన నీళ్లకాడికి తీసుకుపోయాడు. అక్కడ నీళ్లు లేవని ఆయనకు ఎవరు చెప్పాలి? ఇలా ఆలోచిస్తూ ఉండగా, నేను ఏం ఆలోచిస్తున్నానో తెలిసి భయమేసి లేచి ముఖం కడుక్కునేవాణ్ని.

గదిలోవాళ్లు తలా ఒకటి చెప్పారు. ఉండేందుకు కాగితం, ఇఖామా, లేని మనవాడెవడో ఎదురుపడి ఉంటాడు, వీడు పోయాక చేయాల్సింది చేసి, పోలీసులంటే భయంతో వెళ్లిపోయి ఉంటాడు అన్నారు. కావచ్చు. మరి ఆ నీలం పిట్ట? తొమ్మిది బిళ్ళల్లో ఇంకొకటి ఎవరి చేతికైనా చిక్కి ఉంటుందన్నారు. మస్తాన్ భాయ్‌ని అడిగాను. మిగిలిన ఎనిమిదింటి సంగతి ఆయన ఒక్కొక్కటే లెక్క చెప్పగలిగాడు. ఒకటి ఆయన పెట్టెలోనే ఉంది.

ఒకరోజు ప్రసాద్‌గారు నన్ను పనికి దింపుతూ, కారు నడుపుతూనే, అద్దంలోకి చూస్తూ చెప్పారు. ఎండకు, దప్పికకు మనిషికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. బిళ్ళ సంగతి ఆయనకూ అర్థం కాలేదు. కాళ్ల సంగతి మాత్రం ఒక రకంగా కుదురుతుందన్నారు. "తన పని అయిపోయిందని అతనికి తెలిసి ఉంటుంది. చేసేవాళ్లు ఎవరూ రారని కూడా తెలిసి ఉంటుంది. తనే కట్టుకుని, తల అటు పెట్టి పడుకుని ఉంటాడు."

నేను కారు ఆపించి దిగిపోయాను. ఆయన తప్పు మాట్లాడలేదు. కూర్చుని వంగితే చేతికి అందుతుంది. ముడి పడుతుంది. కారణం లేకుండా ఏదీ జరగదని పద్దెనిమిదేళ్లు చెప్పుకుంటూ వచ్చినవాణ్ని, కారణం చేతికి దొరికితే రోడ్డు మీద నిలబడి చెవులు మూసుకున్నాను.

గంగాధర్ ఉన్న పెట్టెను ఊరికి తీసుకుపోయాం. మామా ఈశ్వరమ్మకు నెల సెలవిచ్చింది. కర్మ అయ్యేదాకా ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. బిళ్ళ ఎన్నేళ్లనాటిదో, మస్తాన్ భాయ్ ఏం చెప్పాడో నేనూ ఆమెకు చెప్పలేదు. చుట్టాలంతా వెళ్లిపోయిన రోజు సాయంత్రం వరండాలో చాప మీద కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చుంది.

"కాళ్లు ఎవురు కట్టినారు?" అంది.

ప్రసాద్‌గారి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఓబులేసని, కడప పక్కాయన. నీళ్ల ట్యాంకరు తోల్తాడు. వాడు కండ్లు మూసేదాక ఆడనే ఉండినాడు" అన్నాను. ఎవరో దగ్గరుండి చూసి నాకు చెప్పినట్టే, ఎక్కడా తడబడకుండా చెప్పాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయప్పను ఒగపూట అన్నానికి పిల్చు. నా చేత్తో వండి పెడతా" అంది.

పిలుస్తానన్నాను. కువైట్‌కు తిరిగి వచ్చి ఎనిమిది నెలలైంది. ప్రతి శుక్రవారం పార్కులో అడుగుతుంది, ఆయన ఎప్పుడొస్తాడని. డ్యూటీ ఉందంట అని చెబుతున్నాను. వాడి కాళ్లు ఎవరు కట్టారో నాకు నిజంగా తెలియదు.